పరలోకం పేరు చెప్పి నోరు మూయించకండి



ఈ వారం మేము రాస్తున్నది కొందరికి రుచించదు. ముందే చెప్పేస్తున్నాం. తోటి సేవకుల్లో ఒకరిద్దరు ఫోను చేసి, “అయ్యగారూ, ఇవన్నీ మనకెందుకండీ? మన పౌరసత్వం పరలోకంలో ఉంది గదా” అంటారు. అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో సేవ చేసే మాకు ఈ మాట కొత్త కాదు. మంచినీళ్ల కుళాయి కోసం అర్జీ రాద్దామంటే ఇదే మాట. ఆడపిల్లను ఇంటర్ తర్వాత కూడా చదివిద్దామంటే ఇదే మాట. కంపెనీలో పనికి పోయిన కుర్రాడు కాలిపోయి ఇంటికొస్తే, అప్పుడు కూడా ఇదే మాట. పరలోకం మన విశ్వాసానికి కిరీటం. దాన్ని తీసుకొచ్చి తలుపుకి గడియగా వేస్తున్నారు. మా పోట్లాట ఆ గడియతో.

పౌరసత్వం మాట పౌలు ఎవరికి రాశాడో ఒకసారి చూడండి. ఫిలిప్పీ సంఘానికి, మూడో అధ్యాయం ఇరవయ్యో వచనం. అదే ఫిలిప్పీలో అంతకుముందు ఏం జరిగిందో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. విచారణ లేకుండా పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. తెల్లారాక, చడీచప్పుడు లేకుండా వదిలేయమని అధికారులు కబురు పెట్టారు. పౌలు కదిలాడా? కదల్లేదు. తాము రోమా పౌరులమని గుర్తు చేశాడు. అందరి ముందూ కొట్టినవాళ్లు ఇప్పుడు చాటుగా పంపించేస్తే ఒప్పుకోమని, వాళ్లే స్వయంగా వచ్చి బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి చెరసాలలో పాటలు పాడిన నోరే పొద్దున లెక్క అడిగింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ ఊరి సంఘంలో పరలోక పౌరసత్వం గురించిన ఉత్తరం చదివినప్పుడు, ఆ చెరసాల నాయకుడు అక్కడే కూర్చుని విని ఉంటే ఏమనుకుంటాడు? “ఈయన మనల్ని ఊరి సంగతులు పట్టించుకోవద్దంటున్నాడు” అని మాత్రం అనుకోడు. ఆయన కళ్లారా చూసిన మనిషి అటువంటివాడు కాదు.

ఇంత పైనుంచి ఎందుకు మొదలుపెట్టామంటే, మన జిల్లా సంగతి చెప్పడానికే. 2024 ఆగస్టు 21, బుధవారం మధ్యాహ్నం అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 13న కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి 8 మంది పోయారు. ఆ రోజు మట్టల ఆదివారం. మనం మట్టలు పట్టుకుని ఊరేగి, ఆరాధన ముగించి, పిల్లలకు అన్నాలు పెట్టుకునే వేళ. ఆదివారం కూడా పనికి పోక తప్పనివాళ్లు మందుగుండు ముందు కూర్చుని ఉన్నారు. చనిపోయినవాళ్లలో ఎవరు ఏ దేవుణ్ణి కొలిచారో మేము లెక్క తీయలేదు, తీయవలసిన పనీ లేదు. అంతకుముందు 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ నిద్రలో ఉన్నవాళ్లను పొట్టనబెట్టుకుంది. మన యువకులు ఎంతమంది ఈ దారిలో పొద్దున్నే కంపెనీ బస్సులెక్కుతున్నారో మీకు మేము చెప్పనక్కరలేదు. ఒకప్పుడు చెరకు తోటకు పోయిన చేతులే ఇప్పుడు రియాక్టర్ల దగ్గర ఉన్నాయి.

పేపర్లో నాలుగు లైన్లు కూడా రాని ప్రమాదాలు వేరే ఉంటాయి. అటువంటి ఒకదాని తర్వాత జరిగిన ఆదరణ కూటంలో మేము కూర్చున్నాం. ఊరి పేరు, కంపెనీ పేరు చెప్పం. ముప్పై ఏళ్లు నిండని భార్య, ఇద్దరు పిల్లలు. వచ్చిన ప్రసంగీకుడు ముప్పావుగంట సేపు బంగారు వీధుల గురించి, ముత్యాల గుమ్మాల గురించి చెప్పాడు. బాగానే చెప్పాడు. మధ్యలో ఆ అమ్మాయి లేచి, “పైపు కారతందని మా ఆయన సూపర్‌వైజరుకి రెండుసార్లు సెప్పేడండి. ఎవరూ ఇనలేదు” అంది. పందిట్లో ఒక్క క్షణం నిశ్శబ్దం. వెంటనే ఒక పెద్దాయన, “ఊరుకో తల్లీ, ప్రభువు ఆయన్ని మహిమలోకి పిలుచుకున్నాడు, అలా మాటాడకూడదు” అని ఆమెను కూర్చోబెట్టాడు. పాట ఎత్తుకున్నారు.

ఆమె చెప్పింది సాక్ష్యం. మన కూటాల్లో సాక్ష్యాలకు వేరే సమయం ఇస్తాం. ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరికి ఉద్యోగం వచ్చింది అని అరగంట వింటాం. ఆ ఒక్క సాక్ష్యానికి మాత్రం సమయం లేకపోయింది.

‘ప్రభువు పిలుచుకున్నాడు’ అన్న మాటను ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం, 8వ వచనం మీలో ఎంతమంది చదివారో తెలీదు. దాని మీద ప్రసంగం విన్నవాళ్లు మాకింతవరకు తగల్లేదు. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మేడకు పిట్టగోడ కట్టాలని అక్కడ దేవుడు ఆజ్ఞ ఇస్తున్నాడు. కట్టకుండా వదిలేస్తే, పైనుంచి ఎవరైనా పడిపోతే, ఆ రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుందంటున్నాడు. రక్తదోషం! హత్యకు వాడే మాట అది. ఇప్పుడు చెప్పండి. పిట్టగోడ కట్టమన్న దేవుడే, పిట్టగోడ లేని మేడ మీద నుంచి పడినవాణ్ణి చూపించి “వీణ్ణి నేనే పిలుచుకున్నాను, ఎవరినీ ఏమీ అడక్కండి” అంటాడా? పైపు కారుతోందని చెప్పినా బాగుచేయించనివాడి తప్పును తీసుకెళ్లి దేవుని సింహాసనం మీద పెట్టడం భక్తి అనిపించుకోదు. మా లెక్కలో అది దేవుని మీద అబద్ధసాక్ష్యం. పది ఆజ్ఞల్లో తొమ్మిదోది పొరుగువాడి మీదే అబద్ధసాక్ష్యం వద్దంటోంది, ఇక దేవుని మీద చెప్పవచ్చా?

చనిపోయినవాడు ప్రభువును నమ్మినవాడైతే ప్రభువు దగ్గరే ఉన్నాడు. దాన్ని మేము ఇసుమంత కూడా తగ్గించం. కానీ బిడ్డ కింద పడితే తండ్రి చేతుల్లోకి తీసుకున్నాడంటే, తోసింది తండ్రేనని అర్థమా? ఈ రెంటికీ తేడా చెప్పకుండా ప్రసంగిస్తున్నందువల్లే మన ఇళ్లలో దేవుడంటే లోలోపల ఒక భయం, ఒక కోపం మిగిలిపోతున్నాయి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా 13లో ప్రభువే ఎత్తాడు. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకోవద్దన్నాడు. వాళ్ల చావుకు తేలికైన వివరణ ఇవ్వడానికి ఆయనే ఒప్పుకోలేదు. మనకు మాత్రం మైకు చేతికొస్తే చాలు, వివరణ సిద్ధం.

బేతనియలో లాజరు సమాధి దగ్గర చూడండి, యోహాను 11. పరలోకం ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఇంకొద్ది సేపట్లో ఆ మనిషి బతుకుతాడని కూడా ఆయనకు తెలుసు. అయినా ఏడ్చాడు. మార్తను, మరియను “ఏడవకండి, మీ తమ్ముడు మంచి చోట ఉన్నాడు” అని గదమాయించలేదు. నువ్వు ముందే వచ్చి ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాడని అక్కాచెల్లెళ్లిద్దరూ నిలదీస్తే, ఆ నిలదీతను కూడా విన్నాడు. దేవుని కుమారుణ్ణే అడగగలిగినప్పుడు, ఒక కంపెనీ సూపర్‌వైజరును అడక్కూడదా? చివరికి, రాయి తీయమని చుట్టూ ఉన్నవాళ్లకు పని చెప్పాడు. కట్లు విప్పమని కూడా వాళ్లకే చెప్పాడు. ప్రాణం పోయడం ఆయన పని. రాయి తీయడం, కట్లు విప్పడం మన పని. మనం మన పని మానేసి ఆయన పని గురించి పాటలు పాడుతున్నాం.

మన ఉత్తరాంధ్రలో ఎర్రజెండా పట్టుకున్నవాళ్లు మనల్ని ఎప్పట్నుంచో అనే మాట ఒకటుంది. పై లోకం ఆశ చూపించి కింద కూలోడి నోరు మూయిస్తారని. ఆ మాటకు మన యువకులు కోప్పడతారు. కోపం దేనికి? అబద్ధమైతే అబద్ధమని మన బతుకుతో చూపించాలి. ఆ పందిట్లో ఆ అమ్మాయిని కూర్చోబెట్టినప్పుడు, వాళ్లు చెప్పేది నిజమేనని మనవాళ్లే రుజువు రాసిచ్చారు.

ఇది మన దగ్గర మాత్రమే పుట్టిన తెగులు కాదు. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది, వెస్టిండీస్ బానిసల కోసం ప్రత్యేకంగా. ఐగుప్తు నుంచి దేవుడు తన ప్రజలను విడిపించిన భాగాన్ని దాదాపుగా తీసేసి, లోబడి ఉండమనే మాటలు ఉంచి అచ్చు వేశారు. యజమానులకు కావలసిన పరలోకం అది. నోరెత్తకుండా పని చేస్తే చచ్చాక దొరికేది. కానీ దేవుని వాక్యాన్ని కత్తిరించినా అది ఊరుకోదు. అమెరికాలో చదువు రాని బానిసలు పొలాల్లో యొర్దాను దాటడం గురించి పాడుకుంటుంటే దొరలు చచ్చాక పోయే చోటు అనుకున్నారు. పాడేవాళ్లలో ఎంతోమందికి అది స్వేచ్ఛ కూడా. ఒకే పరలోకం. దొర విన్నది ఒకటి, బానిస విన్నది ఇంకొకటి. ఏది వాక్యానికి దగ్గరో మీరే చెప్పండి.

సరిగ్గా ఆ కాలంలోనే మన పక్కన విశాఖపట్నంలో ఇంకో పని జరుగుతోంది. లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో అక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసితో కలిసి సువార్తలను తెలుగులోకి తిప్పడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు, డెస్‌గ్రాంజెస్ 1810లో పోయాడు. తమ చేతి పని అచ్చయి చూడకుండానే. చచ్చాక పరలోకమే గదా, ఈ ఎండలో ఈ ఒత్తులూ గుణింతాలూ నేర్చుకోవడం ఎందుకని వాళ్లు అనుకోలేదు. ఫలితం తామే చూడాలన్న తొందర లేనివాడే అటువంటి పని చేయగలడు. పరలోకం నమ్మినవాడికి దొరికే గొప్ప వరం అదే, తొందర లేకపోవడం. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రికి పోయిన పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. ఇంటివాళ్లే ముట్టుకోని చేతులను కడిగి కట్టుకట్టడానికి మనుషులకు బలం ఎక్కడ నుంచి వచ్చిందనుకుంటున్నారు?

అంత దూరం ఎందుకు, మన వంటింట్లో చూడండి. పిడికెడు బియ్యం. ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసే అలవాటు మన అమ్మలకు, అమ్మమ్మలకు ఉండేది, కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఇంట్లో పిల్లలకే చాలని రోజుల్లో కూడా ఆ గుప్పెడు తీశారు. కుదిరిన రోజే తీద్దామని అనుకోలేదు. వాళ్లలో చాలామందికి చదువు లేదు, ప్రకటన గ్రంథంలో ఏ ముద్ర తర్వాత ఏ బూర వస్తుందో చెప్పలేరు. కానీ ఇక్కడ ఖర్చయింది అక్కడ పోదని నమ్మారు. ఆ నమ్మకం బియ్యపు డబ్బాలో కనిపించింది. కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం 15వ అధ్యాయం మొత్తం పునరుత్థానం గురించే. అంత ఎత్తు అధ్యాయం ఎలా ముగిసింది? కాబట్టి పనిలో వెనక్కి తగ్గకండి, మీ కష్టం వృథా పోదు అన్న భావంతో. ఆ వెంటనే 16వ అధ్యాయం మొదటి మాట ఏంటి? బీదలైన పరిశుద్ధుల కోసం చందా. పౌలు రాసినప్పుడు మధ్యలో అధ్యాయం గీత లేదు. మేఘాల మీది నుంచి తిన్నగా కానుక సంచిలోకే దిగాడు.

ఇక బెల్లం సంగతి. అనకాపల్లి వాళ్లం, బెల్లం గురించి మాట్లాడకపోతే ఎలా? తెల్లగా, పచ్చగా మెరిసే దిమ్మకు రేటు ఎక్కువ, నల్లటి దిమ్మకు తక్కువ. అందుకని పెనంలో పాకం ఉడుకుతుండగా హైడ్రోస్ వేస్తారు. మోతాదు ఎవరు చూస్తారు? గానుగ దగ్గర ‘స్తోత్రం ప్రభువా’ అని పొయ్యి రాజేసి, ఆ చేత్తోనే హైడ్రోస్ గుప్పెడు పోసేవాళ్లు మనలోనూ ఉన్నారు. అడిగితే, “అందరూ వేస్తున్నారయ్యగారూ, వెయ్యకపోతే మార్కెట్‌లో పోదు” అంటారు. ఆ కష్టం మాకు తెలుసు. రైతుకు చెరకు గిట్టుబాటు కావడం లేదనీ తెలుసు. కానీ ఆ బెల్లం పరమాన్నంలో వేసుకుని తినేది ఎవరి పిల్లలు? పరలోకం ఉందని నమ్మడమంటే, రంగు చూసి రేటు కట్టే వర్తకుడి కన్ను కాక ఇంకో కన్ను కూడా మన పెనాన్ని చూస్తోందని నమ్మడం. పైనున్నవాటి మీద మనసు పెట్టమని కొలొస్సయి 3లో చదివి అక్కడితో బైబిలు మూసేస్తున్నారు. నాలుగు వచనాలు ముందుకు పోతే ధనాశ మానమంటాడు, ఇంకొంచెం పోతే అబద్ధం ఆడొద్దంటాడు, ఆ తర్వాత ఇంట్లో భార్యాభర్తల సంగతి, పిల్లల సంగతి, 4వ అధ్యాయం మొదట్లో పనివాళ్లకు న్యాయంగా ఇవ్వవలసింది ఇవ్వమంటాడు. పైన మొదలై పెనం దాకా వచ్చింది.

కూలి సంగతి మరీ ఘోరం. చెరకు నరికినవాళ్లకు, గానుగ దగ్గర రాత్రంతా పొయ్యి ఎగదోసినవాళ్లకు “సంతకెళ్లి వచ్చాక ఇస్తాం” అని వారాలు తిప్పే ఆసాముల్లో క్రైస్తవులు కూడా ఉన్నారు. పేరు చెప్పం. ఈ రాత చదివేటప్పుడు వాళ్లకే తెలుస్తుంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయం 4వ వచనం ప్రకారం, కోత కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి కేకలు వేస్తుంది. ఆ కేకలు ఎక్కడికి పోతాయి? సైన్యాల ప్రభువు చెవుల్లోకి. అంటే మన పాటల కంటే ముందు అక్కడికి చేరే శబ్దం ఒకటుంది. ఆదివారం రెండు చేతులూ ఎత్తి ఆరాధించేటప్పుడు, ఆ చేతుల కింద ఎవరి కూలైనా ఆగిపోయి ఉందేమో సోమవారం దాకా ఆగకుండా చూసుకోండి.

ఇంకో రకం బోధ ఉంది. అది టీవీలో ఎక్కువ. పరలోకం ఊసే ఎత్తరు. ఇక్కడే కారు, ఇక్కడే మేడ, విత్తనం వేస్తే వందరెట్లు. దాని మీద ఎక్కువ రాయం. పరలోకాన్ని తీసుకొచ్చి షోరూములో పెట్టినవాళ్లకు, దాన్ని గడియగా వేసినవాళ్లకు మధ్య మాకు పెద్ద తేడా కనిపించదు. ఇద్దరి దగ్గరా కూలోడికి దక్కేది సున్నా.

సమాధుల స్థలం గురించి చెప్పకుండా ఆపలేం. మన పేటల్లో ఎన్నింటికి సొంతంగా, కాగితాలతో, దారితో సహా సమాధుల స్థలం ఉంది? వేళ్ల మీద లెక్కపెట్టండి. వాన రోజుల్లో పెట్టె మోసుకుంటూ ఎవరిదో పొలం గట్టు మీదుగా, ఆ గట్టువాడు అడ్డం వస్తాడేమోనని భయపడుతూ, మోకాలి లోతు బురదలో పోయిన అనుభవం లేని సంఘం మాకు కనబడలేదు. చెరువు గట్టున పాతిపెడితే రెండేళ్లకు పూడిక తీసే యంత్రం వచ్చి ఎముకలు పైకి లేపిన చోట్లున్నాయి. ఎమ్మార్వో ఆఫీసుకు పోదామంటే మళ్లీ అదే మాట: “ఆత్మ పరలోకంలో ఉంటే, మట్టి ఎక్కడుంటే ఏంటండీ?”

అబ్రాహాముకు ఆ మాట చెప్పి చూడండి. దేవుడు కట్టిన పట్టణం కోసం ఎదురుచూసినవాడని హెబ్రీయులకు 11వ అధ్యాయం ఆయన్ని పొగుడుతోంది. గుడారాల్లోనే బతికాడు, ఈ భూమ్మీద ఒక ఇల్లు కూడా కట్టుకోలేదు. అటువంటి మనిషి భార్య చనిపోతే ఏం చేశాడు? ఆదికాండం 23 చదవండి. ఏడ్చాడు, లేచాడు, ఊరి పెద్దల ముందుకు పోయాడు. ఊరికే ఇస్తామంటే పుచ్చుకోలేదు. 400 తులాల వెండి తూచి ఇచ్చి, పొలం, గుహ, హద్దుల్లో ఉన్న చెట్లతో సహా, ఊరి గుమ్మం దగ్గర అందరి సాక్షిగా తన పేర రాయించుకున్నాడు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే సర్వే నంబరు, నాలుగు వైపుల హద్దులు, సాక్షి సంతకాలు, రిజిస్ట్రేషన్. వాగ్దాన దేశంలో విశ్వాసుల తండ్రికి సొంతమైన మొదటి చెక్క సమాధుల స్థలం. పరలోకం కోసం అంతగా ఎదురుచూసినవాడికి శవం ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయం అనిపించలేదు. పునరుత్థానం నమ్మేవాడికి ఒళ్లు చెత్త కాదు గదా, విత్తనం. విత్తనాన్ని ఎవడైనా చెరువు గట్టున పారేస్తాడా?

ఇది చెప్పాక, చేదుదైనా ఇంకొకటి చెప్పాలి. స్థలం ఉన్నచోట కూడా ఒకే ప్రభువును నమ్మిన రెండు పేటలకు రెండు సమాధుల స్థలాలు. ఈ పేట శవం ఆ పేట స్థలంలోకి పోతే తగువు. ఇద్దరూ ఒకే ఉమ్మడి బల్లకు పరలోకంలో కూర్చుంటామని పాడతారు. చనిపోయాక కూడా పక్కపక్కన పడుకోలేనివాళ్లు అక్కడ పక్కపక్కన కూర్చుని ఎలా తింటారు? ఊరివాళ్లు మనల్ని వేరుగా పెట్టారని వందేళ్లుగా ఏడుస్తూ, మనకంటే ఒక మెట్టు కిందున్నవాణ్ణి చూసుకుని మనమే గోడ కడితే, ఆ గోడ అవతల ప్రభువు ఎటువైపు నిలబడతాడో వేరే చెప్పాలా?

ఆదరణ కూటాల ఖర్చు మీద కూడా ఒక్క మాట. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి భోజనాలు పెట్టించకండి. ఫ్లెక్సీలో చనిపోయినవాడి ఫోటో కంటే వచ్చే ప్రసంగీకుల ఫోటోలు పెద్దగా ఉండే కాలం వచ్చింది. విధవరాలి ఇంట్లో అప్పు మిగిల్చి వెళ్లేది ఆదరణ ఎలా అవుతుంది? ఎవరైనా మీద పడి అడిగితే మా పేరు చెప్పండి, అయ్యగారు వద్దన్నారని.

ఇప్పుడు పని. కంపెనీలకు పోతున్న మన కుర్రాళ్లు, ఆడపిల్లలు అందరూ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఉండిపోవాలి. కాంట్రాక్టరు కింద చేస్తున్నా సరే. మీ పేరు మీద ఈఎస్ఐ కడుతున్నారో లేదో చూసుకోండి. నంబరు ఉంటే కాగితం మీద రాసుకుని రండి, అందులో భార్యాపిల్లల పేర్లు ఎక్కించారో లేదో కూడా చూద్దాం. ఈఎస్ఐ వర్తించే పనివాడు పనిలో ప్రమాదంతో చనిపోతే, జీతంలో 90 శాతం లెక్కన కుటుంబానికి నెలనెలా అందే ఏర్పాటు అందులో ఉంది. ఇది తెలీక ఎంతోమంది ఇచ్చింది పుచ్చుకుని ఊరుకుంటున్నారు. భోపాల్ ఘోరం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో కొత్త భాగం చేర్చారు. ప్రమాదం కనబడితే పనివాడు యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కు అప్పుడు అందులో రాశారు. పైపు కారుతోందని చెప్పడం తిరుగుబాటు కాదని మన పిల్లలకు తెలియాలి. చెప్పింది ఏ రోజు, ఎవరికి అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవడం ఈ వారమే మొదలుపెట్టండి. అక్షరాలు రానివాళ్లకు సండే స్కూలు టీచర్లు రాసిపెడతారు, వాళ్లతో మాట్లాడాం.

సమాధుల స్థలం అర్జీ సిద్ధంగా ఉంది. రెండు పేటల పెద్దలూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలి, వేరువేరు కాగితాలు తెస్తే మేము తీసుకోం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. పొద్దున ఎనిమిదింటికి చర్చి దగ్గర బయలుదేరుతాం. రెండు ఆటోలు మాట్లాడాం, పెద్దవయసు వాళ్లకు ముందు చోటు. ఆధార్ నకలు మరచిపోకండి. మధ్యాహ్నం అక్కడే అయిపోతుంది, కాబట్టి ఎవరి అన్నం మూట వాళ్లు కట్టుకుని రండి.